ఉబుంటు వేసిచ్చే సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నరా? పైసలు కట్టేముందు వైఫై డ్రైవర్ ఎక్కడిదో చూడుండ్రి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ దిక్కు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనే ఆలోచనలో ఉన్నోళ్లు ఇది చదివినంకనే షాపుకు పోండ్రి. ముఖ్యంగా "విండోస్ ఎందుకన్నా, ఉబుంటు వేసిస్తం, అన్నీ నడుస్తయ్" అని చెప్పే కాడ మస్తు జాగ్రత్తగుండాలె. ఉబుంటు అంటే విండోస్ లెక్కనే కంప్యూటర్‌ను నడిపించే ఉచిత సిస్టం, లైనక్స్‌ల ఒక రకం. డ్రైవర్ అంటే వైఫై లాంటి భాగాలను ఆ సిస్టంతోని పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్.

మా చిన్నాయిన కొడుకు బీటెక్‌లో చేరిండు. కొత్త ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేక, నల్లగొండలోనే ఒక షాపుల 17,500 పెట్టి పాతది తీసుకున్నరు. ఉబుంటు 20.04 వేసి ఉంది. షాపుల వైఫై పట్టింది, యూట్యూబ్ నడిచింది, సౌండ్ వచ్చింది. బిల్లు మీద రాసింది ఒక్కటే ముక్క: "టెస్టెడ్ ఓకే." మోడల్ నంబర్ లేదు, సీరియల్ నంబర్ లేదు.

కొన్ని నెలలు బాగనే నడిచింది. కాలేజీ ల్యాబ్‌లో పైథాన్ 3.10 కావాలన్నరు. ఉబుంటు 20.04తో వచ్చేది 3.8. పైగా 20.04కు మామూలు సపోర్టు 2025 మే నెలతోనే అయిపోయింది. అంటే 22.04కు పోవుడు న్యాయమైన పని, ఎవరైనా చేయాల్సిన పని. పిలగాడు అప్‌డేట్ బటన్ నొక్కితే ఎప్పుడు చూసినా "అంతా అప్ టు డేట్" అనే వస్తున్నది. అనుమానమొచ్చి నా దగ్గరికి పట్టుకొచ్చిండు.

కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచి చూస్తే అసలు సంగతి బయటపడ్డది. ఆప్ట్-మార్క్ షోహోల్డ్ అని కొడితే కెర్నల్ (సిస్టంకు గుండెకాయ లాంటిది) ప్యాకేజీలు, డ్రైవర్లు తయారు చేసేటందుకు కావాల్సిన హెడర్లు అన్నీ వరసగా వచ్చినయ్. షాపోళ్లు వాటిని కదలకుంట ఆపి పెట్టిన్రు. అప్‌డేట్లు ఎక్కడినుంచి రావాల్నో రాసి ఉండే సోర్సెస్ లిస్టు ఫైల్ తెరిస్తే సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చే ప్రతి లైను ముందట ఒక హ్యాష్ గుర్తు, అంటే ఆ లైన్లన్నీ బంద్. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఎక్కడినుంచో తెచ్చిన వైఫై డ్రైవర్ జిప్ ఫైల్ ఇంకా అట్లనే ఉంది. కెర్నల్ మారితే డ్రైవర్‌ను మళ్ల తయారు చేసే డీకేఎంఎస్ అనేదాంట్ల ఏమున్నదో చూద్దామని డీకేఎంఎస్ స్టేటస్ కొడితే ఏమీ రాలే, ఖాళీ. ఆ డ్రైవర్‌ను చేతితోని ఒక్కసారి కంపైల్ చేసి, అంటే కోడ్ నుంచి తయారు చేసి, అదే కెర్నల్ మీద పిల్లగాని నెత్తిన పెట్టి పంపిన్రు. బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను ఆపే రక్షణ) కూడా తీసేసి ఉంది. ఈ ఒక్క ముచ్చట కూడా కొన్నోళ్లకు చెప్పలే.

నాకు కోపమొచ్చింది వైఫై గురించి కాదు. ఆ ల్యాప్‌టాప్ మీదనే పిలగాడు ఈపాస్‌లో స్కాలర్‌షిప్ ఫారం నింపిండు, మా చిన్నాయిన బ్యాంకు ఖాతా తెరిచిండు. అమ్మిన రోజు నుంచి దానికి ఒక్క సెక్యూరిటీ ప్యాచ్ రాలే. తమ అతుకు ఊడిపోవద్దని మిషన్‌కు రక్షణే లేకుంట చేసిన్రు.

ఆపిన ప్యాకేజీలు విడిపించి, లైన్లు సరిచేసి, 22.04కు అప్‌గ్రేడ్ చేస్తే కెర్నల్ 5.4 నుంచి 5.15కు పోయింది. రీబూట్ చేసినంక వైఫై గుర్తే మాయం. షాపుకు పోతే వచ్చిన జవాబు: "అప్‌డేట్ ఎవలు చేయమన్నరన్నా? లైనక్స్ అంటే గట్లనే ఉంటది. సాఫ్ట్‌వేర్‌కు వారంటీ లేదు. 800 ఇస్తే మళ్ల పాతది వేసిస్తం." పాతది అంటే మళ్లీ అదే 20.04, అదే హోల్డ్.

లైనక్స్ అంటే గట్ల ఉండదు. ఇది గట్టిగా చెప్తున్న, ఎందుకంటే ఈ మాట విని మంచి పిల్లలు లైనక్స్‌నే వదిలేస్తున్నరు. లైనక్స్‌లో చాలామటుకు డ్రైవర్లు కెర్నల్ లోపలనే ఉంటయ్. కెర్నల్ మారినప్పుడు అవి కూడా దానితోపాటే తయారై వస్తయ్, మనం ఏమీ చేయనక్కర లేదు. బయటి నుంచి తెచ్చిన డ్రైవర్ సంగతి వేరు. కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు వెర్షన్ వెర్షన్‌కు మారుతుంటయ్ కాబట్టి, ఒక కెర్నల్‌కు కంపైల్ చేసిన మాడ్యూల్ ఇంకోదానికి ఎక్కదు, మళ్ల కంపైల్ చేయాల్సిందే. ఆ పనిని తనంతట తాను చేసేదే డీకేఎంఎస్. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా, హెడర్లు ఉంటే, డ్రైవర్‌ను తిరిగి తయారు చేస్తది. కానీ ఆ డ్రైవర్ సోర్సు కోడ్ కొత్త కెర్నల్‌కు సరిపడకుంటే డీకేఎంఎస్ కూడా ఏం చేయలేదు, ఎర్రర్ చూపించి ఆగిపోతది. మా దాంట్ల డ్రైవర్‌ను ఆ డీకేఎంఎస్‌కు కూడా అప్పజెప్పలే.

ఏ చిప్‌లకు ఈ తిప్పలుంటదో తెలుసుకుంటే సగం గండం గడిచినట్టే. బ్రాడ్‌కామ్ బీసీఎం43142 అని ఒకటి పాత ఇంటి వాడకం ల్యాప్‌టాప్‌లలో బాగా కనబడ్తది, ఐడీ 14ఈ4:4365. దానికి కెర్నల్‌లో ఉన్న ఓపెన్ డ్రైవర్లు పనిచేయవు, డబ్ల్యూఎల్ అనే క్లోజ్డ్ (కంపెనీ కోడ్ బయటపెట్టని) డ్రైవరే దిక్కు. ఆ డ్రైవర్ ఆఖరి వెర్షన్ 6.30.223.271 వచ్చింది 2015లో. అప్పటినుంచి ఉబుంటు, డెబియన్ (ఇంకో రకం లైనక్స్) వాళ్లే కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా ప్యాచ్‌లు వేస్తూ లాక్కొస్తున్నరు. రియల్‌టెక్ కంపెనీ చిప్‌లలో కొన్ని మంచివే, కొన్నింటికి కెర్నల్ సపోర్టు మస్తు ఆలస్యంగ వచ్చింది. యూఎస్‌బీకి పెట్టుకునే చిన్న వైఫై డాంగిళ్లలో దొరికే 8821సీయూ రకానికి కెర్నల్ 6.2లో, అంటే 2023లో వచ్చింది. 8812ఏయూ, 8821ఏయూలకైతే 2025 దాకా ఆగాల్సొచ్చింది. అంతకు ముందు కెర్నల్ ఉన్నోళ్లందరికీ బయటి డ్రైవరే గతి.

ఇంటెల్ వైఫై కార్డులకు ఈ బాధ లేదు, ఐడబ్ల్యూఎల్‌వైఫై అనే డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. అందుకే నా సలహా, పాతది కొంటే ఆఫీసుల నుంచి వచ్చిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి చూడుండ్రి. వాటిలో ఎక్కువగా ఇంటెల్ కార్డులే ఉంటయ్. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోయింది, ఇంటెల్ 8వ జనరేషన్ కంటే పాత వాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. అందుకని ఇప్పుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మొదలుకొని మన నల్లగొండ గడియారం సెంటర్ దాకా లైనక్స్ పేరు చెప్పి ఈ పాత సరుకు అమ్ముతరు. సరుకు చెడ్డదని కాదు, ఎంచుకునుడు తెలవాలె.

ఇంకో మోసపు మాట "2 జీబీ గ్రాఫిక్స్ కార్డుంది" అని ధర పెంచుడు. జీఫోర్స్ 820ఎం లాంటివి ఎన్విడియా ఫెర్మి తరం కార్డులు. వాటిని నడిపించే 390 సిరీస్ డ్రైవర్‌కు ఎన్విడియా సపోర్టు 2022 ఆఖరుతో ముగిసింది. దాని తర్వాతి కెప్లర్ తరం కార్డుల 470 సిరీస్ కూడా 2024తో అయిపోయింది. నూవో అనే ఓపెన్ డ్రైవర్‌తో బొమ్మ వస్తది, కానీ కార్డు పూర్తి వేగం రాదు. గట్లాంటి కార్డుకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇయ్యకుండ్రి.

షాపుల చూడాల్సింది గిది. మీ సొంత పెన్‌డ్రైవ్ మీద కొత్త ఉబుంటు గానీ లైనక్స్ మింట్ గానీ వేసుకొని పోండ్రి. షాపోళ్లు వేసిన సిస్టం కాదు, మీ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి "ట్రై" అనే దాంట్లకు పోండ్రి. షాపుల వేసిన వెర్షన్ కంటే కొత్త వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో ఉండాలె, అసలు కిటుకు అదే. రేపు మీరు అప్‌గ్రేడ్ చేస్తే ఏమైతదో ఈ రోజే కౌంటర్ మీదనే తెలుస్తది. వైఫై నెట్‌వర్క్‌లు కనబడాలె, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు పట్టాలె. మూత మూసి తెరిచినంక స్క్రీను, వైఫై రెండూ తిరిగి రావాలె. కెమెరా, స్పీకర్, బ్రైట్‌నెస్ మీటలు కూడా నొక్కి చూడుండ్రి.

తర్వాత టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ పెట్టి ఎన్‌ఎన్‌కే అని చిన్న అక్షరాల్లో కొట్టుండ్రి. వైఫై కార్డు పేరు కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అని ఒక లైన్ వస్తది. ఆ డ్రైవర్ పేరు తీసుకొని మోడ్‌ఇన్ఫో అని కొట్టి దాని పక్కన రాయుండ్రి. వచ్చే వివరాలలో "ఇన్‌ట్రీ: వై" అని ఉంటే అది కెర్నల్ లోపలి డ్రైవర్, నిశ్చింతగా ఉండొచ్చు. ఆ లైన్ లేకుంటే బయటిది. కొందరు ఫైల్ ఎక్కడుందో చూస్తే చాలంటరు, అది నమ్మకుండ్రి. చేతితోని కంపైల్ చేసిన రియల్‌టెక్ డ్రైవర్లు చాలా వరకు కెర్నల్ సొంత ఫోల్డర్‌లోనే పోయి కూసుంటయ్, పాత్ చూస్తే అసలుదే అనిపిస్తది. షాపోళ్లు వేసిచ్చిన సిస్టంలో కూడా ఇదే చూడుండ్రి, షోహోల్డ్ కూడా కొట్టుండ్రి. షాపాయన "టైం లేదన్నా" అంటే బయటికి రాండ్రి.

"వైఫై లేకుంటే 300 పెట్టి డాంగిల్ పెట్టుకో" అని కూడా చెప్తరు. డాంగిల్ కొనుడు తప్పు కాదు, కానీ డబ్బా మీద పేరు చూసి కొంటే మునుగుతరు. ఒకే మోడల్ నంబర్ మీద లోపల చిప్ మారిపోతది. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అందరికీ తెలిసిన ఉదాహరణ: మొదటి వెర్షన్‌లో అథెరాస్ ఏఆర్9271 ఉండేది, రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్ వచ్చింది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండే వీ1, వీ2 చూడాలె. మీడియాటెక్ ఎంటీ7601యూ చిప్ ఉన్న చిన్న డాంగిళ్లకు 2015 నుంచే, కెర్నల్ 4.2 నుంచి లోపలనే డ్రైవర్ ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే పడ్తది, క్లాసులు వినేటందుకు అది చాలు. 5 గిగాహెర్ట్జ్ కావాలంటే ఎంటీ7612యూ చూడుండ్రి. డాంగిల్ పెట్టగానే సీడీ డ్రైవ్ లెక్క కనబడి, ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌లో 0బీడీఏ:1ఏ2బీ అని వస్తే చెడిపోయిందని అనుకోకుండ్రి. విండోస్ డ్రైవర్ చూపించే మోడ్‌లో ఉందన్నట్టు. యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ ప్యాకేజీ ఉంటే ఎక్కువ సార్లు వైఫైగా మారుతది.

ఇప్పటికే కొని ఇరుక్కున్నోళ్లు 800 ఇచ్చే ముందు ఇది చేయుండ్రి. బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోకి పోతే పాత కెర్నల్ ఇంకా ఉంటది, దాంతో తెరిస్తే వైఫై తిరిగి వస్తది. మా పిలగానికి కూడా ఆ రోజు అట్లనే పరీక్ష గడిచింది. అందుకే కొత్త కెర్నల్‌లో అన్నీ పనిచేస్తున్నయని చూసేదాక పాత కెర్నళ్లను తీసేసే ఆటోరిమూవ్ కొట్టకుండ్రి. నెట్ కావాలంటే ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, దానికి వేరే డ్రైవర్ అక్కర లేదు. బ్రాడ్‌కామ్ అయితే జిప్ ఫైళ్ల జోలికి పోకుంట ఉబుంటు సొంత "అడిషనల్ డ్రైవర్స్" నుంచే పెట్టుండ్రి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటది, రీబూట్‌లో నీలం తెర మీద ఎన్‌రోల్ ఎంఓకే అని ఎంచుకొని అదే పాస్‌వర్డ్ కొట్టాలె. ఆ తెరను దాటేస్తే "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని వచ్చి డ్రైవర్ ఎక్కదు.

జిరాక్స్ సెంటర్ నడిపేటోళ్లకు ఒక మాట. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కు హెచ్‌పీలిప్ అనే ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌తోపాటు ప్లగిన్ కావాలె, రెండింటి వెర్షన్ ఒకటే ఉండాలె. సిస్టం అప్‌గ్రేడ్ అయినంక ప్రింట్ ఆగితే ప్రింటర్ పోయిందనుకోకుండ్రి, హెచ్‌పీ-ప్లగిన్ అని కొట్టి మళ్ల పెట్టుకుంటే సరి.

ఇగ బిల్లు సంగతి. మోడల్, సీరియల్ నంబర్, వైఫై చిప్ పేరు, "కొత్త ఉబుంటు వెర్షన్‌లో వైఫై పనిచేయును" అన్న మాట బిల్లు మీద రాయించుకోండ్రి. అట్ల రాయనోని దగ్గర కొనకుండ్రి. సెకండ్‌హ్యాండ్ అయినంత మాత్రాన హక్కు పోదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం దీనికీ వర్తిస్తది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుండ్రి. వినకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, సంగతి జరిగిన 2 ఏండ్ల లోపు వేయాలె. సికింద్రాబాద్‌లో కొన్నా సరే, మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు.

మా షాపాయన పైసలు వాపస్ ఇయ్యలే. 1915లో ఫిర్యాదు పడ్డంక మాత్రం వైఫై కార్డు మార్చిస్త అని ఒప్పుకున్నడు. ఏ కార్డు కావాల్నో మేమే చిప్ పేరుతో రాసిచ్చినం, ఆ బయోస్ దాన్ని తీసుకుంటదా లేదా ముందుగాల చూసుకున్నం, ఎందుకంటే కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్ తన లిస్టులో లేని కార్డును ఒప్పుకోదు. కార్డు పెట్టినంక అక్కడే కౌంటర్ మీద మోడ్‌ఇన్ఫో కొట్టి, ఇన్‌ట్రీ లైన్ వచ్చినంకనే మా చిన్నాయిన కాయితం మీద సంతకం పెట్టిండు.