ఫ్రెంచ్‌లో ‘వచ్చేవాణ్ణి’, ‘రావాల్సింది’: ముందు ఏది నేర్చుకుంటే మేలు?

ఫ్రెంచ్‌లో బి1 (మధ్యస్థ స్థాయి) దాటి బి2 (దాని పై స్థాయి) వైపు వెళ్తుంటే కోందిసియొనెల్ పాసే ఎదురవుతుంది. జరగాల్సింది జరగలేదు, జరిగి ఉంటే పరిస్థితి వేరేలా ఉండేది, ఇలాంటి మాటలకు వాడే క్రియారూపం ఇది. ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్నవాళ్లకు రాతపరీక్ష వరకు తెలిస్తే గడిచిపోతుంది. కెనడా పీఆర్ కోసం చదివేవాళ్ల సంగతి వేరు. అక్కడ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలస దరఖాస్తుల పద్ధతిలో ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు 2023 నుంచి ప్రత్యేకంగా డ్రాలు తీస్తున్నారు. వాటికి అర్హత రావాలంటే చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం నాలుగింటిలోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్ సామర్థ్యాన్ని కొలిచే కెనడా కొలమానం) 7 ఉండాలి. ఆ స్థాయిలో పశ్చాత్తాపం, నిష్ఠూరం, ఊహ నోటితో తడుముకోకుండా చెప్పగలగాలి.

చాలా పాఠ్యపుస్తకాలు ఈ పాఠాన్ని ‘సి’ (షరతు చెప్పే ‘ఒకవేళ’) వాక్యంతో మొదలుపెడతాయి. ‘సి త్యు మావె అప్లే, జె సెరె వెన్యు’, అంటే ‘నువ్వు ఫోన్ చేసి ఉంటే నేను వచ్చేవాణ్ణి’. నా ఉద్దేశంలో తెలుగువాళ్లు దీన్ని ముందు పట్టుకోకూడదు. ‘జోరె ద్యు వెనీర్’, అంటే ‘నేను రావాల్సింది’, ఇక్కడ మొదలుపెట్టడం మేలు. ఎందుకో చెప్పాలంటే ఈ కాలం ఎలా తయారవుతుందో ఒకసారి చూడాలి.

ఇందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది అవ్వార్ లేదా ఎత్ర్ అనే సహాయక క్రియ, అది కోందిసియొనెల్ ప్రెజాఁ, అంటే ఇప్పటి ఊహ చెప్పే రూపంలో ఉంటుంది. రెండోది అసలు క్రియ పార్టిసిప్ పాసే, అంటే పైన చూసిన ‘వెన్యు’, ‘ద్యు’ లాంటి భూతకాల రూపం. అవ్వార్‌కి రాతలో ఆరుగురు కర్తలకు ఐదు స్పెల్లింగులు ఉన్నా, చెవికి వినిపించేవి మూడే: ‘నేను, నువ్వు, అతను, వాళ్లు’ నాలుగింటికీ ‘ఓరె’, ‘మేము’కి ‘ఓరియొఁ’, ‘మీరు’కి ‘ఓరియే’. ఎత్ర్‌కి కూడా అంతే: సెరె, సెరియొఁ, సెరియే. మాట్లాడడానికి ఈ ఆరు ధ్వనులు చాలు. పేజీ నిండా ఉన్న పట్టిక చూసి టెన్షన్ పడేవాళ్లు దాన్ని ఒకసారి పైకి చదివితే సగం భారం దిగిపోతుంది.

అసలు ఇబ్బంది ఏ క్రియకు ఏ సహాయకం అన్న దగ్గర వస్తుంది. వెళ్లడం, రావడం, పుట్టడం, చనిపోవడం, పడిపోవడం, ఉండిపోవడం లాంటి క్రియలకు, ‘సె’తో వచ్చే క్రియలన్నిటికీ ఎత్ర్ కావాలి. మిగతావాటికి అవ్వార్. పైగా ‘మోఁతే’ లాంటివి రెండు వైపులా ఉంటాయి. పైకి ఎక్కితే ‘జె సెరె మోఁతే’, పెట్టె పైకి మోసుకెళ్తే ‘జోరె మోఁతే లా వలీజ్’. ఎత్ర్ ఉన్నచోట కర్త స్త్రీ అయితే పార్టిసిప్ చివర ఒక ‘ఇ’ అక్షరం, బహువచనమైతే ‘ఎస్’ సాధారణంగా చేర్చాలి. వినేటప్పుడు అవి చాలావరకు వినిపించవు కాబట్టి రాతలోనే దొరికిపోతాం.

‘సి’ వాక్యం చెప్పాలంటే ఇదంతా ఒకేసారి చూసుకోవాలి. దానికి తోడు ‘సి’ ఉన్న సగంలో ఇంకో కాలం, ప్లుస్-కె-పార్ఫె (గతానికి ముందు గతం), పెట్టాలి. తెలుగు అలవాటు ఇక్కడే అడ్డొస్తుంది. ‘చేసి ఉంటే... వచ్చి ఉండేవాణ్ణి’ అంటాం, రెండు సగాల్లోనూ ‘ఉండు’ ఉంది. ఆ ధోరణిలో ఫ్రెంచ్‌లోనూ రెండు వైపులా ‘ఓరె’ పెట్టేయాలనిపిస్తుంది. అది తప్పు. ‘సి’లకు ‘రె’లంటే ఇష్టం ఉండదని ఫ్రాన్స్‌లో బడిపిల్లలకు కూడా చెప్పి మరీ నేర్పిస్తారు. అక్కడ పుట్టినవాళ్లే మాటల్లో ‘సి జోరె సు’ (‘నాకు తెలిసి ఉంటే’) అనేయడం ఉంది. వాళ్లు అంటే చెల్లిపోతుంది, మన నోట వస్తే మార్కులు పోతాయి.

ఇప్పుడు ‘జోరె ద్యు’ వైపు చూడండి. ‘ద్యు’ అసలు క్రియ ‘దెవ్వార్’ (చేయాల్సి ఉండడం), దానికి సహాయకం ఎప్పుడూ అవ్వారే. దాని తర్వాత ఏ క్రియ వచ్చినా అది మూలరూపంలోనే ఉంటుంది. అందుకే ‘ఎల్ సెరె వెన్యు’ (‘ఆమె వచ్చేది’) రాసేటప్పుడు చివర చేర్చాల్సిన అక్షరం ‘ఎల్ ఓరె ద్యు వెనీర్’లో అవసరం లేదు. ‘ఎల్ సె సెరె లెవే’ (‘ఆమె లేచేది’) అనాలా, ఇంకోలా అనాలా అన్న సందేహం ‘ఎల్ ఓరె ద్యు సె లెవే’లో రానే రాదు. ఒకే వాక్యం, ఒకే సహాయకం, రెండో కాలంతో పని లేదు. ‘ద్యు’ స్థానంలో ‘ప్యు’ పెడితే ‘చేయగలిగి ఉండేవాణ్ణి’, ‘వుల్యు’ పెడితే ‘చేయాలనుకున్నాను, కుదరలేదు’. రోజువారీ మాటల్లో ఈ కాలం అవసరపడే చోట్లు చాలావరకు ఈ మూడింటితోనే గడిచిపోతాయి.

తెలుగు కూడా ఇక్కడ బాగా సాయం చేస్తుంది. ‘వచ్చి ఉండాలి’కి, ‘వచ్చి ఉండాల్సింది’కి తేడా మనకు చిన్నప్పటి నుంచే తెలుసు. మొదటిది వచ్చే ఉంటాడన్న ఊహ, రెండోది రాలేదన్న బాధ. ఫ్రెంచ్‌లో మొదటిది ‘ఇల్ ఆ ద్యు వెనీర్’, రెండోది ‘ఇల్ ఓరె ద్యు వెనీర్’. ‘ఆ’కీ ‘ఓరె’కీ మధ్య అర్థం తలకిందులవుతుంది. ఇంకో జాగ్రత్త: ‘ఇల్ ఆ ద్యు’కి సందర్భాన్ని బట్టి ‘రావాల్సి వచ్చింది’ అన్న అర్థం కూడా ఉంటుంది.

‘త్యు ఓరె ప్యు లె దీర్’ అంటే మన ‘ఆ మాట చెప్పి ఉండొచ్చు కదా’. నిష్ఠూరం అచ్చంగా అదే పాళ్లలో ఉంటుంది. అయితే పెద్దవాళ్లతో, ఆఫీసులో పైవాళ్లతో ‘వూ జోరియే ద్యు మె ప్రెవెనీర్’ అంటే వేలెత్తి చూపినట్టే. తెలుగులో అలాంటప్పుడు ‘మీరు’ తీసేసి ‘ముందే చెప్పాల్సింది’ అని ఊరుకుంటాం. ఫ్రెంచ్‌లో కర్తను అలా వదిలేయడం కుదరదు, కాబట్టి వాళ్లు ‘ఇల్ ఓరె ఫాల్యు మె ప్రెవెనీర్’ అంటారు. ఇందులో ‘ఇల్’ ఎవరినీ సూచించదు. తప్పు ఎవరిదో ఎత్తకుండా పని జరగలేదన్న సంగతి చెప్పడానికి ఇంతకన్నా మంచి వాక్యం లేదు. ‘జోరె వుల్యు అఁ రాఁసెన్యెమాఁ’ ఇంకా మెత్తన. కౌంటర్ దగ్గర నిలబడి ఒక సమాచారం కావాలని మర్యాదగా అడగడం అది. జరిగిపోయినదానితో సంబంధమే లేదు, ఇప్పుడే కావాలి.

ఈ మూడు క్రియలు చేయలేని పని ఒకటుంది. ‘అలా జరిగి ఉంటే ఏమయ్యేది’ అన్న ఫలితం వాటితో పూర్తిగా రాదు. దానికి కూడా నేరుగా ‘సి’ దగ్గరికి పోనక్కర్లేదు, మధ్యలో తేలికైన మెట్టు ఉంది. ‘సాఁ త్వా, జోరె రాతే లె త్రాఁ’, నువ్వు లేకపోతే నాకు రైలు తప్పిపోయేది. ‘ఆ తా ప్లాస్, జోరె రెఫ్యూజే’, నీ స్థానంలో ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. షరతు మొత్తం రెండు మూడు పదాల్లో ఇమిడిపోయింది కాబట్టి ప్లుస్-కె-పార్ఫె బెడద తప్పింది.

మరో దారి అంపార్ఫె, గతంలోని అలవాట్లు చెప్పే కాలం. తెలుగువాళ్లకు ఇది వినగానే సొంతంగా అనిపిస్తుంది. ‘అఁ పా దె ప్లుస్ ఏ జె తోఁబె’ అంటే ‘ఇంకో అడుగు వేస్తే పడిపోయేవాణ్ణి’. ‘రోజూ వచ్చేవాణ్ణి’ అన్న అలవాటుకూ, ‘పిలిస్తే వచ్చేవాణ్ణి’ అన్న ఊహకూ మనం ఒకే రూపం వాడతాం. ఫ్రెంచ్ అంపార్ఫె కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. అలాగని ఎక్కడ పడితే అక్కడ వాడేయకూడదు. వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదం, క్షణంలో జరగబోయి ఆగిపోయిన పని, అలాంటి చోటే అది బిగువుగా ఉంటుంది. మామూలు పశ్చాత్తాపానికి, తీరిగ్గా చేసే ఊహకు కోందిసియొనెల్ పాసేయే సరైనది. పరీక్షలో అయితే ఇంకేం ఆలోచించకుండా అదే రాయాలి.

‘జ్యూస్ ఫె’ (‘చేసి ఉండేవాణ్ణి’) అనే రూపం పాత వ్యాకరణ పట్టికల్లో ఇదే కాలానికి రెండో రూపంగా కనిపిస్తుంది. నిజానికి అది సబ్జొంక్తిఫ్ (కోరిక, సందేహం లాంటివి చెప్పే క్రియారూపం)లోని ప్లుస్-కె-పార్ఫె. క్లియోపాత్ర ముక్కు ఇంకాస్త పొట్టిగా ఉండి ఉంటే భూమి ముఖమే మారిపోయేదని 17వ శతాబ్దంలో పాస్కల్ రాసిన వాక్యంలో షరతు వైపు ఆ పాత రూపం ఉంది, ఫలితం వైపు మాత్రం మనం నేర్చుకునే ‘ఓరె’ ఉంది. చదివి గుర్తుపడితే చాలు, నేర్చుకోవడానికి సమయం పెట్టకండి.

పత్రికల్లో కనిపించే ‘ఓరె’ మాత్రం తప్పకుండా తెలియాలి. ‘లె మినిస్త్ర్ ఓరె దెమిస్యొనే’ చూసి ‘మంత్రి రాజీనామా చేసేవాడు’ అని అర్థం చేసుకుంటే వార్త మొత్తం తప్పిపోతుంది. అది మన పేపర్ల ‘రాజీనామా చేసినట్టు సమాచారం’. వార్త ఇంకా ఖరారు కాలేదని చెప్పడమే ఆ రూపం పని. రాసేటప్పుడు ఎవరు చెప్పారో తెలిస్తే ‘సెలొఁ లా పొలీస్’ (‘పోలీసుల ప్రకారం’) అని ఆధారం చూపించి పాసే కోంపోజే అనే మామూలు భూతకాలం వాడడం నయం. ఆధారం చెప్పలేనప్పుడే ఈ ‘ఓరె’ పనికొస్తుంది.

ఇవన్నీ నోటికి అలవాటయ్యాక ‘సి’ వాక్యం దగ్గరికి వెళ్తే అక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది ప్లుస్-కె-పార్ఫె ఒక్కటే. ‘ఓరె’ బదులు ‘ఆవె’, ‘సెరె’ బదులు ‘ఎతె’, అంతే మార్పు. ఇక చూసుకోవాల్సింది ఫలితం ఎప్పటిదన్నదే. ‘బడిలో ఫ్రెంచ్ నేర్చుకుని ఉంటే ఈపాటికి మాంట్రియల్‌లో పని చేస్తూ ఉండేదాన్ని’ అన్న మాటలో నేర్చుకోకపోవడం గతం, ఉద్యోగం ఇప్పటిది. కాబట్టి రెండో సగంలో ‘జోరె త్రవాయే’ కాదు, కోందిసియొనెల్ ప్రెజాఁ రావాలి: ‘సి జావె అప్రి లె ఫ్రాఁసె ఆ లెకోల్, జె త్రవాయ్‌రె ఆ మోఁరెయాల్ ఓజుర్ద్వీ’.