అంగన్‌వాడీ తిండి: పాపకు అందినట్టు బాబుకు అందట్లేదు

మాది కోవూరు దగ్గర పల్లె. పాపకు నాలుగేళ్ళు, బాబుకు ఏడాదిన్నర. ఇద్దరి పేర్లూ మా వీధి అంగన్‌వాడీలోనే ఉన్నాయి. పాప అక్కడే కూర్చుని తింటుంది. బాబుకిచ్చేది ఇంటికొస్తుంది.

పాపకు మధ్యాహ్నం వేడి అన్నం, పప్పు, ఆకుకూర, ఉడికించిన గుడ్డు, పాలు. ఇంట్లో ఆకుకూర ఏరి పక్కన పెట్టే పిల్ల, అక్కడ అందరితో కలిసి తినేస్తుంది. ఆయా గుడ్డు ఒలిచి చేతికిచ్చి, తినేదాకా పక్కనే ఉంటుంది. నేను రొయ్యల కంపెనీలో పనికి పోతాను. పిల్ల తిన్నదో లేదో అన్న టెన్షన్ లేదు. ఈ భోజనానికి పూర్తి మార్కులు.

బాబుకు నెలకు 2.5 కిలోల బాలామృతం, గుడ్లు ఇస్తారు. పిండి మంచిదే: గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. రోజుకు 100 గ్రాములు వాడికే పెడితే 25 రోజులు రావాలి. కానీ తియ్యటి పిండి ఇంట్లో ఉంటే ఒక్కడి నోటికే పోతుందా? పాప గుప్పెట్లో పోసుకుంటుంది. అత్తమ్మ ఉండలు చుట్టి మా ఆడబిడ్డ పిల్లలకూ పెడుతుంది. ఒకరికి పెట్టి ఒకరికి మానడం ఆమె వల్ల కాదు, నేనూ వద్దనలేను. గుడ్లు కూరలో పడితే అందరి కంచాల్లోకీ పోతాయి. కూలి దొరకని వారాల్లో ప్యాకెట్ ఇంకా తొందరగా ఖాళీ అవుతుంది.

నా బాధంతా ఇక్కడే. రెండేళ్ళలోపు తిండి చాలకపోతే ఎత్తు ఎదగరు, తర్వాత ఎంత పెట్టినా ఆ లోటు పూర్తిగా తీరదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకుముందు సర్వేలో 31.4. ఏళ్ళు గడిచినా తగ్గింది ఇంతే! ఎక్కువ అవసరమున్న వయసు పిల్లల తిండినే ఇంటికి పంపుతున్నాం.

చంటిపిల్లలకూ రోజూ గుడ్డు కేంద్రంలోనే పెట్టాలి. తల్లో నాయనమ్మో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తినిపించి తీసుకెళ్తారు. ఇంటికి రేషన్‌లో బియ్యంతో పాటు కందిపప్పు, నూనె సరిపడా వస్తే పిల్లాడి పిండి మీద చెయ్యి పడదు.

ఎండాకాలంలో ఒకసారి పాడైన గుడ్లు వచ్చాయి. నీళ్ళలో వేసి చూడండి, తేలితే వాడొద్దు. పిల్లలకు తిండి చాలుతోందో లేదో తెలియాలంటే, జబ్బకు టేపు చుట్టి కొలవమని టీచరును అడగండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లలకు కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.