జీబీఎస్-8200 కన్వర్టర్ బోర్డు: కూర్చుని ఆడే పాత రేసింగ్ క్యాబినెట్‌కి పనికొస్తుందా?

పిక్చర్ ట్యూబు పోయిన ఆర్కేడ్ రేసింగ్ గేమ్ క్యాబినెట్‌లో ఎల్‌సీడీ పెట్టాలనగానే అందరూ చెప్పే పేరు జీబీఎస్-8200. సెగా గేమ్ అవుట్ రన్ (1986) 15 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు దాదాపు 15 వేల గీతల వేగంతో, 320×224 బొమ్మ పంపుతుంది. డేటోనా యూఎస్ఏ (1994) అయితే 24 కిలోహెర్ట్జ్‌లో 496×384. మామూలు కంప్యూటర్ మానిటర్లు చాలావరకు 31కి తక్కువైతే ఒప్పుకోవు. ఈ బోర్డు 15, 24, 31 మూడూ తీసుకుని వీజీఏగా మార్చి ఇస్తుంది. పని చేస్తుంది, అనుమానం లేదు. కాకపోతే వైర్లు తగిలించగానే బొమ్మ బాగుంటుందని మాత్రం అనుకోకండి.

అసలు ట్యూబు నిజంగా పోయిందో లేదో ముందు తేల్చుకోండి. కాకినాడ, అమలాపురం, నరసాపురం వైపు గాలిలో తడీ ఉప్పూ రెండూ ఉంటాయి. ట్యూబుకి హైవోల్టేజీ వైరు తగిలే యానోడ్ టోపీ చుట్టూ పేరుకున్న దుమ్ము వానాకాలంలో చెమ్మ పట్టి చిటచిటలాడుతుంది. ఎల్‌ఓటీ (ట్యూబుకి హైవోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ (పట్టు వదిలిన టంకం), ఎండిపోయిన కెపాసిటర్లు కూడా మామూలే. ఇవన్నీ పాత టీవీ మెకానిక్కులు ఎరిగిన జబ్బులే. కెపాసిటర్లు మారిస్తే లేచే ట్యూబును పీకి ఎల్‌సీడీ పెట్టడం శుద్ధ దండగ. యానోడ్ దగ్గర 20 వేల వోల్టుల పైమాటే, స్విచ్ ఆపాక కూడా కొంత నిలిచి ఉంటుంది. ట్యూబు వెనక ఉండే అల్లిక ఎర్తు తీగకు కలిపిన స్క్రూడ్రైవర్‌తో డిశ్చార్జి చేయనిదే చేయి పెట్టకూడదు.

బోర్డుకి 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టరు విడిగా ఇవ్వండి. క్యాబినెట్ పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్)లోని 5 వోల్టుల నుంచే లాగితే గేమ్ బోర్డుకి అందేది తగ్గి, గేమ్ తనంతట తానే రీసెట్ అవుతుంది. బొమ్మలో అడ్డ గీతలు కూడా పాకుతాయి. రొయ్యల చెరువుల ఏరేటర్లు నడిచే లైన్ మీద వోల్టేజీ ఊగుతుంటే స్టెబిలైజర్ తప్పదు. జపాన్ నుంచి వచ్చిన క్యాబినెట్ 100 వోల్టులది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 230కి తగిలిస్తే అంతే సంగతులు.

ఎక్కువమంది బోల్తా పడేది సింక్ (బొమ్మలో గీతలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సిగ్నల్) దగ్గర. ఆర్కేడ్ బోర్డు సింక్ 5 వోల్టుల డిజిటల్ సిగ్నల్ (టీటీఎల్), దాన్ని నేరుగా ఇస్తే బొమ్మ పైభాగం వంగుతుంది, లేదా వణుకుతుంది. సింక్ వైరులో 470 ఓమ్‌ల రెసిస్టరు వరసగా వేయండి. 75 ఓమ్‌ల ఇన్‌పుట్ మీద అది సుమారు 0.7 వోల్టులకు దిగుతుంది. గ్రౌండ్ వైరు మర్చిపోతే మాత్రం ఎన్ని రెసిస్టర్లు వేసినా లాభం లేదు.

రంగులదీ అదే కథ. బోర్డు 0.7 వోల్టులు ఆశిస్తే గేమ్ అంతకు మించి పంపుతుంది, తెల్లటివన్నీ మండిపోయినట్టు కనిపిస్తాయి. బోర్డు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు మూడు చిన్న పాట్‌లు (తిప్పి సర్దే రెసిస్టర్లు) ఉంటాయి. గేమ్ టెస్ట్ మోడ్‌లో రంగుల పట్టీలు తెరిచి, అన్నిటికన్నా వెలుగైన రెండు మెట్లు విడివిడిగా కనబడేదాకా ఒక్కొక్కటీ తగ్గించండి.

బోర్డుకున్న అసలు లోపం సర్దుబాటుతో పోయేది కాదు. అవుట్ రన్ పంపే 240 గీతల బాపతు (కనిపించేవి 224) బొమ్మను ఇది ఇంటర్‌లేస్, అంటే సరి, బేసి గీతలు వంతులవారీగా వచ్చే బొమ్మ, అనుకుని కలిపేస్తుంది. వేగంగా కదిలే రోడ్డు అంచులు దువ్వెన పళ్లలా చీలతాయి, స్టీరింగు తిప్పాక బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. నిలబడి ఆడే క్యాబినెట్‌లో అంత పట్టించుకోకపోవచ్చు గానీ, ఇక్కడ తెర కళ్లకు దగ్గర, చేతిలో స్టీరింగు. దీనికి మందు జీబీఎస్-కంట్రోల్. ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై మాడ్యూల్ ఒకటి టంకం వేసి ఆ ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ నడిపితే బొమ్మ చాలా మెరుగ్గా ఉంటుంది. అవుట్ రన్‌కి ఇది చేసి తీరాలి. టంకం పని రాకపోతే ఆ క్యాబినెట్ వరకు ఈ బోర్డు కొనకపోవడమే మేలు. డేటోనాకి అవసరం తక్కువ.

మానిటరు ఎంపికలోనూ తప్పులు జరుగుతాయి. సెకండ్ హ్యాండ్‌లో దొరికే చదరపు 17, 19 అంగుళాలవి చాలావరకు 1280×1024, అంటే 5:4. గేమ్ బొమ్మ 4:3 కాబట్టి నిలువుగా సాగుతుంది. అవుట్ రన్ డీలక్స్‌లోని 26 అంగుళాల ట్యూబు సైజు రావాలంటే 32 అంగుళాల వెడల్పు తెర తీసుకుని 4:3లో నడపాలి. దాని ఎత్తు దాదాపు 15.7 అంగుళాలు, లెక్క సరిగ్గా కుదురుతుంది. వీజీఏ సాకెట్ ఉందో లేదో చూసుకోండి. టీఎన్ రకం ఎల్‌సీడీ ప్యానెల్ వద్దు: కింద కూర్చుని ఏటవాలు తెరను చూసే మనిషికి రంగులు తిరగబడతాయి. ఐపీఎస్ రకం తీసుకోండి.

అవుట్ రన్ డీలక్స్‌లో సీటుతో సహా క్యాబినెట్ మొత్తం ఊగుతుంది కాబట్టి వీజీఏ మరలు బిగించి, వైర్లను పిన్ దగ్గరే కట్టేయాలి. బోర్డును 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క మీద స్పేసర్లతో ఎత్తి బిగించండి. పార్టికల్ బోర్డు మీద వద్దు, ఇక్కడి చెమ్మకి ఉబ్బి మరలు ఊడొస్తాయి. పెద్ద చిప్ వేడెక్కుతుంది, చిన్న హీట్‌సింక్ అంటించండి.

తీసిన ట్యూబును పాత సామాన్లవాడికి వేయకండి. అద్దం వైపు కిందికి ఉంచి మందపాటి దుప్పటి మీద పెట్టి, మెడ ఎక్కడా తగలకుండా పైన అట్టపెట్టె బోర్లించండి. దాని చాసిస్ (ట్యూబును నడిపే సర్క్యూట్ బోర్డు) కూడా పక్కనే ఉంచండి, మరో క్యాబినెట్‌కి ఎల్‌ఓటీ కావాల్సి వస్తే అందులోంచే తీయాలి.