ఫ్రీలాన్స్ రాతపనితో ఇల్లు గడుస్తుందా? కొన్నేళ్లు చేశాక నా సమీక్ష

విజయవాడలో అద్దె, పిల్లల ఫీజులు కట్టుకుంటూ కొన్నేళ్లుగా ఆన్‌లైన్ రాతపని మీదే బతుకుతున్నాను. గడుస్తుందా అంటే గడుస్తుంది. అయితే పదానికి ఇంత అని రాసే పనితో కాదు, నెలకు ఇంత అని ముందే మాట్లాడుకున్న పనితో.

మొదట పని దొరకడానికి క్లయింట్లనీ రాసేవాళ్లనీ కలిపే ఫైవర్, అప్‌వర్క్ లాంటి ప్లాట్‌ఫాంలు మంచివే. ఫైవర్ మన సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. అప్‌వర్క్‌లో ప్రపోజల్ పంపాలంటే కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి. కానీ అక్కడ ఫిక్స్‌డ్ ప్రైస్ పనికి క్లయింట్ ముందే డబ్బు జమ చేస్తాడు. పని అప్పగించాక 14 రోజులు అతను పలక్కపోయినా ఆ డబ్బు మనకొచ్చేస్తుంది. కొత్తవాళ్లకు ఇది పెద్ద ధైర్యం. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక మాత్రం గూగుల్‌లో పైన కనబడటానికి రాయించుకునే చిన్నాచితకా ఎస్‌ఈఓ ఆర్టికల్స్ నాకు బాగా తగ్గిపోయాయి.

నన్ను నిలబెట్టింది గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒకాయన. వెబ్‌సైట్‌కి ఇంగ్లిష్‌లో, రైతులకు పంపే వాట్సాప్ మెసేజ్‌లు తెలుగులో రాయాలి. అంతకుముందు ఆయన ఏఐతో రాయించుకున్నారు. అందులో తేజ, బ్యాడిగి అనే రెండు మిర్చి రకాలకీ ఒకటే వర్ణన. తేజ కొనేది ఘాటు కోసం, బ్యాడిగి కొనేది రంగు కోసం. మిర్చి యార్డుకెళ్లి, కమీషన్ వ్యాపారుల దగ్గర కూర్చుని, రంగు పోయిన తాలు కాయ ఎందుకు వేరుచేస్తారో, తొడిమ తీసిన సరుకు ఎవరడుగుతారో తెలుసుకుని మళ్లీ రాశాను. అది చదివాకే నెలవారీ పని ఇచ్చారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరాడదు. మేలో యార్డుకు వేసవి సెలవులు, రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు. అయినా మాట్లాడుకున్న డబ్బు మాట్లాడుకున్నట్టే పడుతుంది. నిలకడైన ఆదాయం అంటే నా దృష్టిలో ఆ మే నెల డబ్బే.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మాకు కరెంటు లేదు, నెట్ లేదు. ఒక ప్లాట్‌ఫాంలో ఆర్డర్ల గడువు దాటిపోయి రేటింగ్ పడింది. గుంటూరు ఆయన మాత్రం ఫోన్ చేసి, "ముందు మీరంతా క్షేమమేనా అమ్మా? రాతల సంగతి నీళ్లు తీశాక చూద్దాం" అన్నారు.

మనచేత రాయించి తమ క్లయింట్లకిచ్చే ఏజెన్సీల పేమెంట్లు మాత్రం పెద్ద టెన్షన్. "ఈ వారం వేస్తాం" అంటూ నెలలు లాగినవాళ్లున్నారు. అందుకే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను, పైసా ఖర్చు లేదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఇన్వాయిస్ మీద నా ఉద్యమ్ నంబరు, పక్కనే చెల్లించాల్సిన తేదీ వేయడం మొదలుపెట్టాక అకౌంట్స్ వాళ్లే ఫోన్ చేసి బ్యాంకు వివరాలు సరిచూసుకుంటున్నారు.

ఉద్యోగం మానేద్దామనుకుంటున్నవాళ్లకు నేను చెప్పేది, నెలవారీ క్లయింట్లు కనీసం ఇద్దరు కుదిరేదాకా ఆగండి. ఒక్కరే ఉంటే ఆయన వ్యాపారం దెబ్బతిన్న నెల మీ ఇంట్లోనూ డబ్బుండదు. ఆ రెండో క్లయింట్ కోసం ప్లాట్‌ఫాంలోనే వెతక్కండి. మీకు బాగా తెలిసిన వ్యాపారం ఏదో, ముందు ఆ బజారుకెళ్లి అడగండి.