పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ: పాత ఆటల వారసత్వానికి ఎంత న్యాయం చేసింది?

పైనుంచి ఏటవాలుగా చూసే కోణం, కదలకుండా చిత్రపటంలా ఉండే నేపథ్యం, అందులో ఆరుగురు మనుషుల బృందాన్ని వెంటబెట్టుకుని తిరిగే కథ: ఇలాంటి రోల్ ప్లేయింగ్ గేములు 1998 నుంచి 2002 వరకు ఒక వెలుగు వెలిగాయి. బయోవేర్ సంస్థ రూపొందించిన ఇన్ఫినిటీ ఇంజిన్ (గేములకు పునాదిగా ఉండే సాఫ్ట్‌వేర్) మీద బాల్డర్స్ గేట్ రెండు భాగాలు, ప్లేన్‌స్కేప్: టార్మెంట్, ఐస్‌విండ్ డేల్ రెండు భాగాలు వరుసగా వచ్చాయి. ఆ తర్వాత ప్రచురణ సంస్థల దృష్టి త్రీడీ గేముల మీదికీ, కన్సోళ్ల మీదికీ మళ్లింది. ఈ గేముల్లో కొన్నింటిని తయారుచేసిన బ్లాక్ ఐల్ స్టూడియో 2003లో మూతపడింది, అక్కడ పనిచేసిన కొందరు అదే ఏడాది అబ్సిడియన్ ఎంటర్‌టైన్‌మెంట్‌ను స్థాపించారు.

2012 సెప్టెంబరులో అబ్సిడియన్ ప్రచురణ సంస్థల గడప తొక్కకుండా, జనం నుంచి చందాలు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్ ద్వారా ఆడేవారినే నేరుగా పెట్టుబడి అడిగింది. అడిగిన 11 లక్షల డాలర్లు ఒక రోజు దాటిన కాసేపటికే సమకూరాయి. నెల తిరిగేసరికి 73,000 మందికి పైగా కలిసి దాదాపు 40 లక్షల డాలర్లు ఇచ్చారు. 2015 మార్చి 26న విడుదలైన పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ ఆ డబ్బుతో తయారైనదే. దీని దర్శకుడు జాష్ సాయర్ గతంలో ఐస్‌విండ్ డేల్ రెండో భాగానికి ప్రధాన రూపకర్తగా పనిచేశారు కనుక, పాత గేముల బలమూ బలహీనతా ఆయనకు లోపలి నుంచి తెలుసు. పాత పద్ధతిని తిరిగి తెచ్చిన గేములు ఇంకా చాలా ఉన్నాయి. డివినిటీ: ఒరిజినల్ సిన్, వేస్ట్‌లాండ్ 2 దీనికన్నా ముందే 2014లో వచ్చాయి. అయినా ఇన్ఫినిటీ ఇంజిన్ గేముల పేర్లు చెప్పి, వాటి పక్కన నిలబెట్టి చూడమని కోరిన గేమ్ ఇది కాబట్టి, దీన్ని ఆ కొలతతోనే కొలవడం న్యాయం. పాత నియమాన్ని ఎందుకు పెట్టారని ప్రశ్నించి మార్చిన ప్రతిచోటా ఈ గేమ్ పాతవాటిని మించింది. కిక్‌స్టార్టర్ ప్రచారంలో ఇచ్చిన మాట చెల్లించడం కోసమే ఏదైనా చేర్చిన చోట తడబడింది. పూర్తిగా ఆడిన తర్వాత నాకు కలిగిన అభిప్రాయం ఇది.

ముందుగా కథ. ఎయోరా అనే ప్రపంచంలో ఆత్మ ఉందా లేదా అన్న సందేహమే ఎవరికీ లేదు. చనిపోయినవారి ఆత్మలు ఒక చక్రంలో తిరిగి మళ్లీ పుడతాయని అక్కడ అందరికీ తెలుసు. ఆత్మలను పరికరాలతో పరిశీలించి, ప్రయోగాలు చేసే యానిమాన్సీ అనే శాస్త్రం కూడా ఉంది. కథ జరిగే డిర్‌వుడ్ దేశంలో మాత్రం కొన్నేళ్లుగా ఆత్మ లేని శిశువులు పుడుతున్నారు. వారు ఊపిరి తీసుకుంటారు, కళ్లు తెరుస్తారు, కానీ ఏడవరు, నవ్వరు, ఎవరినీ గుర్తుపట్టరు. వారిని హాలోబోర్న్ అంటారు. ఆడేవారి పాత్ర ఈ దేశానికి కొత్తగా వలస వచ్చిన మనిషి. తొలి రాత్రే ఒక పురాతన శిథిలాల దగ్గర జరిగిన ఘటనతో ఇతరుల ఆత్మలను, వాటి పూర్వజన్మలను చూడగల వాచర్‌గా మారిపోతాడు, లేదా మారిపోతుంది. పూర్వజన్మ అనే ఊహ మనకు కొత్త కాదు; అందుకే ఈ గేమ్ వేసే ప్రశ్నలు తెలుగువారికి త్వరగా అందుతాయి. గత జన్మలో చేసినదానికి ఈ జన్మలోని మనిషిని బాధ్యుణ్ని చేయవచ్చా, పూర్వజన్మ జ్ఞాపకం వరమా శాపమా అన్నవి ఇక్కడ చర్చలుగా మిగలవు. వాటికి జవాబు చెప్పిన తర్వాతే ముందుకు సాగే సందర్భాలుగా ఎదురవుతాయి.

ఈ విషాదాన్ని గేమ్ ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పడానికి మొదట చేరే ఊరు గిల్డెడ్ వేల్ చాలు. ఊరి నడుమ ఒక పెద్ద చెట్టు, దాని కొమ్మలకు వేలాడుతున్న శవాలు కనిపిస్తాయి. తన బిడ్డ కూడా ఆత్మ లేకుండా పుట్టడంతో ఆ ప్రాంతపు ప్రభువు రేడ్రిక్, కారకులుగా తాను అనుమానించిన వారందరినీ అక్కడ ఉరితీయించాడు. అదే ఊళ్లో ఔఫ్రా అనే గర్భిణి, పుట్టబోయే బిడ్డకు ఆత్మ నిలిచేలా చేసే మందు ఒకటి తెచ్చిపెట్టమని వేడుకుంటుంది. మందు తయారుచేసే మంత్రసాని దగ్గరికి వెళితే, అందులో ఊరట తప్ప మహిమ ఏమీ లేదని తేలుతుంది. మందు చేతికిచ్చి నమ్మకం నిలబెట్టాలా, నిజం చెప్పాలా అన్నది మన ఇష్టం. ఇందులో కత్తి దూసే పని లేదు, గొప్ప బహుమతీ లేదు. పాత గేముల్లో తొలి ఊళ్లో ఎలుకలను చంపే పనులు చేసి అలసినవారికి, ఈ ఒక్క సన్నివేశంతోనే రచయితలు ఏ స్థాయిలో ఆలోచించారో అర్థమవుతుంది.

రేడ్రిక్ కోట ఘట్టం కూడా చెప్పుకోదగినది. ముందు ద్వారం గుండా పోరాడుతూ వెళ్లవచ్చు, తీగలు పట్టుకుని గోడ ఎక్కవచ్చు, మురుగు కాలువ ఊచలు వంచి అడుగున దూరవచ్చు. ఇలాంటి చోట్ల తెర మీద పాత పుస్తకపు పుటలాంటి చిత్రం, దాని పక్కన వచనం వస్తాయి. బృందంలో ఎవరికి బలముందో, ఎవరికి ఒడుపుందో, సంచిలో తాడు ఉందో లేదో చూసి ఫలితం నిర్ణయమవుతుంది. ఖర్చుతో కూడిన యానిమేషన్ల బదులు నాలుగు మంచి వాక్యాలను నమ్ముకున్న ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. కోట లోపలికి చేరాక రేడ్రిక్‌తో మాట్లాడి, అతని మాట విని, అతని మీదికి మనల్ని పంపినవాడి మీదికే తిరిగి వెళ్లే దారి కూడా ఉంది.

పోరాటం పాత పద్ధతిలోనే, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపి ఆదేశాలిచ్చే విధంగా సాగుతుంది. దాని అడుగున ఉన్న లెక్కలు మాత్రం పూర్తిగా కొత్తవి. బాల్డర్స్ గేట్ ఆరంభంలో బలహీనమైన మాంత్రికుడు ఒక్క దెబ్బకే ప్రాణం విడిచేవాడు. మన దెబ్బలేమో వరుసగా గురితప్పేవి. ఇక్కడ తప్పడానికీ తగలడానికీ నడుమ గ్రేజ్ అనే మెట్టు ఉంది. దెబ్బ రాసుకుంటూ పోయి సగం నష్టం కలిగిస్తుంది. కనుక అదృష్టం మీద భారం తగ్గి, పన్నాగం మీద పెరుగుతుంది. ప్రాణశక్తి కూడా రెండు ఖాతాలుగా ఉంది: ఎండ్యూరెన్స్ సున్నాకు చేరితే మనిషి పడిపోతాడు గానీ పోరాటం ముగియగానే లేస్తాడు, హెల్త్ మాత్రం నెమ్మదిగా తరుగుతూ, విశ్రాంతి తీసుకుంటేనే తిరిగి వస్తుంది. విశ్రాంతికి కావలసిన సామగ్రి సాధారణ స్థాయిలో నాలుగింటికి మించి, కఠిన స్థాయిలో రెండింటికి మించి మోయలేము. ప్రతి పోరాటం తర్వాతా పడుకుని లేచే పాత అలవాటుకు ఇది చక్కగా కళ్లెం వేసింది. పక్కనున్న శత్రువును వదిలి కదిలితే వెనక నుంచి ఉచితంగా ఒక దెబ్బ పడే ఎంగేజ్‌మెంట్ నియమం మరొకటి. దీనివల్ల ఇరుకు వాకిలి దగ్గర ఫైటర్‌ను, అంటే ముందు నిలిచి పోరాడే యోధుణ్ని, నిలబెట్టి వెనకవారిని కాపాడుకోవడం అసలైన యుద్ధవిద్య అవుతుంది.

అన్నిటికన్నా సాహసోపేతమైన మార్పు, శత్రువులను చంపినంత మాత్రాన అనుభవ పాయింట్లు (పాత్రల స్థాయిని పెంచేవి) రాకపోవడం. చేపట్టిన పని పూర్తయితే వస్తాయి. కొత్త జీవుల గురించిన వివరాల పట్టిక నిండే వరకు కొన్ని వస్తాయి. అందువల్ల మాటలతో దాటిన గొడవకూ, కత్తితో దాటిన గొడవకూ ప్రతిఫలంలో తేడా ఉండదు. ఈ గేమ్ తర్వాత పాత గేములకు తిరిగి వెళితే, మంచిమాటతో పోయే చోట కూడా పాయింట్ల కోసం కత్తి తీయించడం ఎంత అసహజమో తెలుస్తుంది.

పదకొండు వృత్తుల్లో నా మనసు దోచుకున్నది ఛాంటర్. ఈ పాత్రధారి యుద్ధం మధ్యలో నిలబడి చరణం తర్వాత చరణం పాడుతూనే ఉంటాడు. ఏ చరణం తర్వాత ఏది రావాలో మనమే ముందుగా కూర్చుకోవాలి. ఒక చరణపు ప్రభావం ఆరిపోకముందే మరొకటి అందుకుంటే రెండూ కలిసి పనిచేస్తాయి. తొలి స్థాయిలో మూడు చరణాలు పూర్తయితే ఒక ఆవాహన చేయవచ్చు. అస్థిపంజరాలు నేలలోంచి లేచి మన పక్షాన నిలబడతాయి. బుర్రకథలో తంబుర వాయించే కథకుడే యుద్ధరంగంలోకి దిగినట్టుండే ఈ వృత్తి, బాల్డర్స్ గేట్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని బార్డ్ అనే గాయకుడి వృత్తికి దక్కిన గౌరవం.

వెంట నడిచే సహచరులు ఎనిమిది మంది. యుద్ధంలో తన అన్న ఏ పక్షాన పోరాడి చనిపోయాడో తెలుసుకోవాలనుకునే సైనికుడు ఎడేర్ నాకు అందరికన్నా ఆత్మీయుడయ్యాడు. అతని వెతుకులాట చివర పూర్తి జవాబు దొరకదు; అలా దొరకకపోవడమే ఆ కథకు తగిన ముగింపు. మాగ్రాన్ దేవత పూజారి డ్యూరెన్స్ సంభాషణలు అద్భుతంగా రాసినవే అయినా, అతిగా సాగుతాయి. ఒకే బాధను పది రకాలుగా తిప్పి చెబుతున్న భావన కలుగుతుంది. సహచరులు పరస్పరం మాట్లాడుకునే సందర్భాలు బాల్డర్స్ గేట్ రెండో భాగంలో ఉన్నంత విరివిగా లేవు, ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది.

లోపాల్లో మొదటిది, ఊళ్లలో బంగారు రంగు పేరుపలకలతో నిలబడి ఉండే మనుషులు. వాచర్ శక్తితో వారి ఆత్మలోకి తొంగి చూస్తే ఒక చిన్న కథ వస్తుంది. అయితే వాటిలో చాలావరకు కిక్‌స్టార్టర్‌లో పెద్ద మొత్తం ఇచ్చినవారు రాసి ఇచ్చినవి, గేమ్ కథతో ఏ సంబంధమూ లేనివి. ఇతరుల ఆత్మలను చూడగలగడం అనే కథలోని అతి గంభీరమైన శక్తిని ఇలా పలచన చేయడం నాకు నిజంగా బాధ కలిగించింది. ఆడబోయేవారు వాటిని పూర్తిగా వదిలేయవచ్చు, కథకు ఏమీ నష్టం లేదు. రెండోది కేడ్ నూవా కోట. శిథిలమైన కోటను బాగుచేసుకుని పన్నులు వసూలు చేసే ఏర్పాటు విడుదల నాటికి దాదాపు బొమ్మ కొలువుగానే ఉండేది. తర్వాతి మార్పుల్లో కొంత మెరుగుపరిచారు. దాని కింద ఉన్న పదిహేను అంతస్తుల నేలమాళిగలో మాత్రం గొప్ప ఊహ ఉంది. దిగే కొద్దీ భూమిలో కూరుకుపోయిన ఒక మహా విగ్రహపు అవయవాలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. అయితే ఒకే ఊపున దిగితే పోరాటాలు విసుగు పుట్టిస్తాయి. ప్రధాన కథ నడుమ రెండు మూడు అంతస్తుల చొప్పున దిగడం మేలు. డిఫయన్స్ బే నగరంలో జరిగే రెండో అంకం కూడా కొంత సాగదీతగానే ఉంటుంది.

చిత్రకళ గురించి ఎంత చెప్పినా తక్కువే. నేపథ్యాలు ముందుగా గీసి ఉంచినవే అయినా, నీరు ఎక్కి దిగుతుంది, పగటి వెలుగు మారుతుంది. పాత్రలు త్రీడీలో కదులుతాయి. జస్టిన్ బెల్ సంగీతం పాత గేముల బాణీని గుర్తుచేస్తూనే తనదైన దిగులును నింపుకుంది.

తెలుగు పాఠకులకు ఒక ముఖ్యమైన సూచన చేయాలి. ఈ గేమ్ తెలుగులో లేదు. ఇంగ్లీషులో ఒక పెద్ద నవల చదివినంత చదవాల్సి ఉంటుంది, సంభాషణల్లో కొన్నింటికే గొంతు ఉంది. పైగా మొదటి గంటల్లో కల్పిత దేవుళ్లు, దేశాలు, యుద్ధాల పేర్లు గుక్కతిప్పుకోనివ్వకుండా మీద పడతాయి. సంభాషణల్లో వేరే రంగులో కనిపించే పదాల మీద మౌస్ ఉంచితే వివరణ వచ్చే సౌకర్యం తర్వాతి మార్పుల్లో కాక రెండో భాగమైన డెడ్‌ఫైర్‌లోనే వచ్చింది. ఇక్కడ ఓపికే దిక్కు. చదవడం ఇష్టం లేనివారికి ఈ గేమ్‌ను నేను సిఫారసు చేయను. చదివే అలవాటున్నవారు మాత్రం గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో తగ్గింపు ధర ఉన్నప్పుడు సందేహించకుండా కొనుక్కోవచ్చు.

కథ మీదే ఆసక్తి ఉంటే పోరాటాలు తేలికగా ఉండే స్టోరీ టైమ్ స్థాయిని ఎంచుకోవడం మంచిది. పాత గేములు ఆడి చేయి తిరిగినవారికి హార్డ్ స్థాయి సరిగ్గా సరిపోతుంది. 2015 ఆగస్టులోనూ 2016 ఫిబ్రవరిలోనూ వచ్చిన ది వైట్ మార్చ్ అనే అదనపు కథ రెండు భాగాలను కూడా గేమ్‌తో పాటే తీసుకోవాలి. మంచుకొండల్లో జరిగే ఆ కథలో పోరాటాలు మూల గేమ్‌కన్నా పదునుగా ఉంటాయి, వాడే కొద్దీ శక్తి పెరిగే ఆయుధాలు దొరుకుతాయి. కేడ్ నూవా చేతికి రాగానే అటు పరుగెత్తకుండా, రెండో అంకంలో సగం దాటి బృందం కాస్త బలపడ్డాక వెళితే వాటి రుచి బాగా తెలుస్తుంది. చివరి అంకంలోకి అడుగుపెట్టే ముందే ఆ రెండు భాగాలనూ పూర్తి చేసుకోవాలి.