లిబ్‌విర్ట్ రూటెడ్ నెట్‌వర్కు: ఎనిమిది నెలల వాడకం తరువాత

విజయనగరం గంటస్తంభానికి దగ్గరలో డిగ్రీ పిల్లలకు లినక్స్ నేర్పే మా చిన్న గదిలో సర్వర్ అనదగిన కంప్యూటర్ ఒక్కటే ఉంది. మిగిలిన సర్వర్లన్నీ దాని మీద, లినక్స్‌లోని కేవీఎం సాయంతో నడిచే వర్చువల్ మెషీన్లే, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్లే. వాటిని నిర్వహించే సాఫ్ట్‌వేర్ పేరు లిబ్‌విర్ట్. వాటి నెట్‌వర్కును ఎనిమిది నెలలుగా అందులోని రూటెడ్ పద్ధతిలో నడుపుతున్నాను, అంటే హోస్టు (వాటిని మోసే అసలు కంప్యూటర్) వాటి అడ్రసులు మార్చకుండా రౌటర్‌లా ప్యాకెట్లను దాటిస్తుంది.

లిబ్‌విర్ట్‌తో పాటు వచ్చే డిఫాల్ట్ నెట్‌వర్కు 192.168.122.0/24 అడ్రసులతో, నాట్ పద్ధతిలో ఉంటుంది, అంటే లోపలి మెషీన్లు బయటికి హోస్టు అడ్రసుతోనే వెళ్తాయి. లోపలి మెషీన్‌కు ఇంటర్నెట్ అందడానికి అది చాలు. కానీ బయటి కంప్యూటర్ ఆ మెషీన్‌ను నేరుగా చేరలేదు. వేర్వేరు నాట్ నెట్‌వర్కుల్లో ఉన్న వెబ్ సర్వరూ డేటాబేసూ మాట్లాడుకోబోతే ఫైర్‌వాల్ నియమాలు అడ్డుపడతాయి. లోపలి నుంచి ఏ మెషీన్ అడిగినా గదిలోని కంప్యూటర్ల లాగుల్లో (రాకపోకల చిట్టాల్లో) హోస్టు అడ్రసే కనిపిస్తుంది. ఎవరు ఎవరిని అడిగారో లాగు చూసి చెప్పమనే పాఠం అక్కడే ఆగిపోయేది. వర్చువల్ మెషీన్లను నేరుగా గది నెట్‌వర్కులోనే కలిపే బ్రిడ్జ్ కడదామంటే మా హోస్టు వైఫై మీద ఉంది, తన దగ్గర నమోదైన కార్డుది కాని మ్యాక్ అడ్రసుతో (నెట్‌వర్కు కార్డు గుర్తింపు సంఖ్యతో) వచ్చే ఫ్రేములను యాక్సెస్ పాయింట్ సాధారణంగా ఒప్పుకోదు.

రూటెడ్ నెట్‌వర్కు కట్టడం తేలిక. నెట్‌వర్కును వర్ణించే ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఫార్వర్డ్ మోడ్ 'రూట్' (route) అని రాసి, 192.168.50.0/24, 192.168.60.0/24 అని రెండు నెట్‌వర్కులు నిర్వచించాను. ఒక నెట్‌వర్కు ప్యాకెట్లను మరో దానికి దాటించే ఐపీ ఫార్వర్డింగును హోస్టులో లిబ్‌విర్టే ఆన్ చేసింది, అడ్రసులు పంచే పని డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాము చూసుకుంది, వెబ్ సర్వర్ నుంచి డేటాబేసుకు పింగ్ మొదటిసారే అందింది.

గదిలోని కంప్యూటర్లకు మాత్రం అందలేదు. ఒక సాయంత్రమంతా, వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ పెట్టి చూస్తే తెలిసిందేమిటంటే, వర్చువల్ మెషీన్ పంపిన పింగ్ గదిలోని కంప్యూటర్‌ను చేరుతోంది, అది జవాబు కూడా ఇస్తోంది, అయితే 192.168.50.0 ఎక్కడుందో ఎరగని రౌటర్ ఆ జవాబును ఇంటర్నెట్ వైపు నెట్టేస్తోంది. ఆ నెట్‌వర్కుకు దారి హోస్టు అడ్రసు 192.168.1.10 మీదుగా ఉందని రౌటర్‌లో స్టాటిక్ రూటు (చేత్తో రాసిన స్థిరమైన దారి) రాయాలి. ఇంటర్నెట్ కనెక్షనుతో ఇచ్చిన రౌటర్‌లో అది రాసే వీలే లేకపోవడంతో, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లినక్స్ ఆధారిత సాఫ్ట్‌వేర్ వేసిన పాత రౌటర్‌ను దాని స్థానంలో పెట్టాను. రెండు రూట్లు రాసిన క్షణం నుంచి అన్నీ పలికాయి. మొదటిసారి కట్టేవారికి ఇంత ముఖ్యమైన సంగతిని, నెట్‌వర్కును ప్రారంభించేటప్పుడు ఒక్క వాక్యంతోనైనా లిబ్‌విర్ట్ గుర్తుచేయాలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు లాగులో ప్రతి మెషీన్ సొంత అడ్రసు కనబడుతోంది, పాఠం సాగుతోంది. గదిలో రౌటర్ మీద అధికారం ఉన్నవారందరికీ ఈ పద్ధతినే సూచిస్తాను. హాస్టల్ వైఫై వాడుకునేవారికి నాట్ నయం. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: ఈ పద్ధతిలో బయటి నుంచి వచ్చే కనెక్షన్లను లిబ్‌విర్ట్ నియమాలు ఆపవు కనుక, ప్రతి వర్చువల్ మెషీన్‌లోనూ దాని ఫైర్‌వాల్ దానికి ఉండాలి.