నాలుగేళ్ల వాడకం తర్వాత: లేజర్ డెకాల్‌తో పింగాణీ మీద డిజైన్లు

నలుపు-తెలుపు లేజర్ ప్రింటర్, నీళ్లలో నానబెడితే బొమ్మ పల్చటి ఫిల్మ్‌గా ఊడివచ్చే డెకాల్ పేపరు, చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ (పింగాణీ కాల్చే కొలిమి). నాలుగేళ్లుగా పళ్లేలు, కప్పులు, టైల్స్ మీద డిజైన్లు దించుతున్నది వీటితోనే. గీతల బొమ్మలకు ఇంత చవకగా, ఇంత నమ్మకంగా పనిచేసే పద్ధతి నాకు ఇంకోటి దొరకలేదు. రంగుల బొమ్మలు కావాలంటే మాత్రం దీని జోలికి రావద్దు. వచ్చేది ఒకటే రంగు, తుప్పు గోధుమ.

ఆ రంగు టోనర్‌లోని, అంటే ప్రింటర్ పొడి సిరాలోని, ఐరన్ ఆక్సైడ్‌ది (ఇనుప తుప్పుది). కాల్చినప్పుడు టోనర్‌లోని ప్లాస్టిక్, కార్బన్ మాడిపోతాయి, ఇనుము మిగిలి, వేడికి మెత్తబడిన గ్లేజ్‌లోకి (పాత్ర మీది గాజు పూతలోకి) దిగుతుంది. అందుకే ఇంక్‌జెట్ పనికిరాదు, ఏమీ మిగలదు. కొన్ని హెచ్‌పీ నలుపు-తెలుపు ప్రింటర్ల టోనర్‌లో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, అన్నిటిలో కాదు. కార్ట్రిడ్జ్ కొనేముందు దాని సేఫ్టీ డేటా షీట్‌లో ఆ పేరు ఉందో లేదో చూడండి. రీఫిల్ కార్ట్రిడ్జ్ అయితే మార్చిన ప్రతిసారీ ఒక పగిలిన ముక్క మీద కాల్చి చూడాల్సిందే. ఫోటో స్టూడియోల్లో చేసే కప్పులతో దీన్ని కలపొద్దు. అది 200 డిగ్రీల లోపు వేడితో పాలిమర్ పూత మీదికి ఎక్కించిన రంగు, పీచుతో తోమితే గీతలు పడుతుంది. ఇది గ్లేజ్‌లో భాగమైపోతుంది.

ప్రింట్ తీసేటప్పుడు బొమ్మను తిప్పక్కర్లేదు, ఫిల్మ్ పైవైపే పైకి ఉండేలా జారుతుంది. టోనర్ సేవ్ ఆపేసి, డెన్సిటీ చివరి దాకా పెంచండి. గ్లేజ్‌ని స్పిరిట్‌తో తుడవండి, వేలి జిడ్డు ఉన్నచోట డెకాల్ అంటదు. గోరువెచ్చని నీళ్లలో 30 నుంచి 60 సెకన్లు నానితే ఫిల్మ్ కదులుతుంది. పాత్ర మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి దాన్ని జార్చి, రబ్బరు రిబ్‌తో (వంగే రబ్బరు బిళ్లతో) మధ్యలోంచి అంచులకు నీళ్లు తోసేయాలి. ఎక్కువ పనులు చెడేది ఇక్కడే: గాలి బుడగ మిగిలితే కిల్న్‌లో అక్కడ ఫిల్మ్ లేచి చిరుగుతుంది, ఆ మేరకు గీత తెగిపోతుంది. సూదితో పొడిచి నొక్కండి. ఒక డెకాల్ మీద ఇంకోటి అతికించొద్దు. పూర్తిగా 24 గంటలు ఆరనివ్వాలి.

ముందే కోన్ 6 వేడికి (సుమారు 1,220 డిగ్రీలు) కాలిన, నిగనిగలాడే తెల్ల గ్లేజ్ పాత్రల మీద నేను వాడే షెడ్యూల్ ఇది: 500 డిగ్రీల దాకా గంటకు 100 చొప్పున, మూత కొద్దిగా ఎత్తి, కిటికీలు తెరిచి, ఎందుకంటే ఫిల్మ్ కాలే పొగ ఘాటుగా ఉంటుంది. ఆ తర్వాత మూత వేసి గంటకు 150 చొప్పున 1060 దాకా, అక్కడ 10 నిమిషాలు. వేడి చాలకపోతే గీత చూడ్డానికి బాగానే ఉండి బొటనవేలితో రుద్దితే పోతుంది. మించితే గ్లేజ్‌లో కరిగి లేత పసుపుగా తేలిపోతుంది. ఇంట్లో వాడిన పాత పళ్లేలు పెట్టొద్దు. వాటిలోకి ఇంకిన తేమ, నూనె వల్ల పొక్కులు, మచ్చలు వస్తాయి.

ఇక డిజైన్. ఈ గోధుమ గీతకు అన్నిటికంటే నప్పేది శ్రీకాళహస్తి కలంకారీ గీత. అక్కడ బెల్లంతో ఊరబెట్టిన ఇనుము కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నలుపవుతుంది, ఇక్కడ అదే ఇనుము మంటలో గోధుమవుతుంది. గీత మందం 0.5 మిల్లీమీటర్లకు తగ్గించకండి, 0.3 లోపువి నాకు చాలాసార్లు మాయమయ్యాయి. పెద్ద నల్ల మడుగులు మచ్చలు మచ్చలుగా వస్తాయి, వాటి బదులు దగ్గర దగ్గర గీతలు నింపండి. పోచంపల్లి ఇక్కత్ అంచులు అల్లుకుపోయినట్టు ఉంటాయి కాబట్టి కాస్త మసకబారినా అందమే.

పళ్లెం అంచుకు తిన్నగా కత్తిరించిన పట్టీ అతకదు, ముడతలు పడుతుంది. విడి పువ్వులుగా వేయండి. అంచు మధ్య వ్యాసం 24 సెంటీమీటర్లయితే చుట్టుకొలత 75.4. పదహారు పువ్వులైతే ఒక్కోదానికి 4.7, అంటే 4 సెంటీమీటర్ల పువ్వు, మిగతాది ఖాళీ. కిందికి సన్నబడే కప్పుకు కాగితం చుట్టి అంచులు గీసుకుని, ఆ వంపులోనే బొమ్మను సాగదీయాలి. లేకపోతే బొమ్మ ఒకవైపు ఎక్కుతూ పోతుంది.

టైల్స్‌కి ముగ్గులే నా మొదటి ఎంపిక. 10 సెంటీమీటర్ల టైల్‌లో ప్రతి గీతా అంచు మధ్యబిందువు దగ్గరే బయటికి వెళ్లేలా వేస్తే, ఏ టైల్ ఎలా తిప్పినా కలుస్తుంది. టైల్స్ కొలతలు ఒక మిల్లీమీటరు అటూఇటూ ఉంటాయి కాబట్టి డెకాల్ కాస్త పెద్దగా తీసి, అతికించాక బ్లేడుతో అంచు కోయండి. టైల్స్ మీద వందల కొద్దీ బొమ్మలు అచ్చుతో దించడం పాత పనే: లివర్‌పూల్‌లో జాన్ సాడ్లర్, గై గ్రీన్ అనే ముద్రాపకులు 1756లో ఆరు గంటల్లో 1,200 టైల్స్ అచ్చు వేశామని ప్రమాణపత్రం ఇచ్చారు.

నీలం కావాలంటే చైనాలోని జింగ్‌డెజెన్ తరహాలో కోబాల్ట్ రంగుతో బొమ్మ అచ్చువేసిన టిష్యూ కాగితం వేరే పద్ధతి. దాన్ని గ్లేజ్ వేయకముందే, తోలులా గట్టిపడిన పచ్చి మట్టి మీదో, ఒకసారి కాల్చిన మట్టి మీదో వేయాలి. బజారులో దొరికే రంగుల డెకాల్స్‌లో సీసం, కాడ్మియం ఉండొచ్చు కాబట్టి అన్నం తగిలేచోట, కప్పు పెదవి నుంచి 2 సెంటీమీటర్ల లోపు వాటిని నేను వాడను.

పేపరు విషయంలో ఒక్క ఫిర్యాదు. వానాకాలం గాలి తగిలితే దాని జిగురు చెమ్మగిల్లి షీట్ చుట్టుకుంటుంది, ప్రింటర్‌లో ఇరుక్కుంటుంది. జిప్ కవరులో సిలికా జెల్ పొట్లంతో, మీద బరువు పెట్టి ఉంచండి.